విత్తనం చేసే చేతులు ల్యాబ్‌లో ఎందుకు కనిపించవు? నడిగడ్డ నుంచి సైన్స్ కొలువు దాకా నాలుగు గండ్లు

వానాకాలంలో గద్వాల, అయిజ, మల్దకల్, గట్టు వైపు వెళ్తే రోడ్డుకు రెండు పక్కలా విత్తన పత్తి చేలు కనిపిస్తాయి. మామూలు పత్తిలో పెద్ద పని దూది ఏరడం. విత్తన పత్తిలో పెద్ద పని ‘క్రాసింగ్’. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను ముందురోజే పట్టుకుని, లోపలి కేసరాలను గోటితో ఒలిచేయాలి. మధ్యలో ఉండే కీలానికి దెబ్బ తగలకూడదు. మర్నాడు పొద్దున్నే మగ మొక్కల పూలు కోసుకొచ్చి, వాటి పుప్పొడిని ఆ కీలాగ్రానికి రాయాలి. పూత ఉన్నన్నాళ్లూ, అంటే దాదాపు రెండు నెలలు, రోజూ ఇదే పని.

మీరు ఇంటర్‌లో బైపీసీ చదివి ఉంటే ఈ పని పేరు మీకు తెలుసు. వృక్షశాస్త్రం పుస్తకంలో దాన్ని విపుంసీకరణ, కృత్రిమ సంకరణం అంటారు. సూరత్ పరిశోధన కేంద్రంలో సి.టి. పటేల్ 1970లో విడుదల చేసిన హెచ్-4, ప్రపంచంలో వాణిజ్య సాగుకు వచ్చిన తొలి హైబ్రిడ్ పత్తి, ఈ పద్ధతిలోనే పుట్టింది. నడిగడ్డలో ఇది కూలి పని. చేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. బడి ఈడు ఆడపిల్లలను కూడా ఈ పనిలో పెడుతున్నారని ఇరవై ఏళ్లకు పైగా అధ్యయనాలు చెబుతూనే ఉన్నాయి.

మొక్కల ప్రజననంలో అతి సున్నితమైన పనిని చేత్తో నేర్చుకున్న అమ్మాయిల్లో ప్రజనన శాస్త్రవేత్త అయ్యేది ఎందరు? మధ్యలో ఎక్కడ ఆగిపోతున్నారు? ఎవరు ఆపుతున్నారు? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలను ముందు పెట్టుకుని ఈ ప్రశ్నలను విడమర్చి చూద్దాం.

ముందు రెండు లెక్కలు

సైన్స్‌లో అమ్మాయిలు తక్కువ అనగానే ‘వాళ్లకు ఆసక్తి ఉండదు’ అనే మాట వినిపిస్తుంది. కేంద్ర విద్యాశాఖ ఉన్నత విద్య సర్వే 2021-22 ఈ మాటను నిలబడనివ్వదు. దేశంలో సైన్స్ కోర్సుల్లో డిగ్రీ నుంచి పీహెచ్‌డీ వరకు కలిపి 57.2 లక్షల మంది చదువుతుంటే, అందులో అమ్మాయిలు 29.8 లక్షలు, అబ్బాయిలు 27.4 లక్షలు. అంటే క్లాస్‌రూంలో అమ్మాయిలదే పైచేయి.

ఇక రెండో లెక్క. కేంద్ర శాస్త్ర, సాంకేతిక శాఖ గణాంకాల ప్రకారం 2018లో నేరుగా పరిశోధన, అభివృద్ధి పనిలో ఉన్నవారిలో మహిళలు 16.6 శాతం. చదివేటప్పుడు సగానికి పైన, పనిలోకి వచ్చేసరికి ఆరుగురిలో ఒక్కరు. పైమెట్టుకు వెళ్లేకొద్దీ ఇంకా తగ్గుతుంది. దేశంలో పెద్ద సైన్స్ గౌరవంగా భావించే శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతిని 1961లో అసీమా ఛటర్జీ అందుకున్నారు. దాన్ని పొందిన తొలి మహిళ ఆమే. 2021 వరకు అయిదు వందలు దాటిన విజేతల్లో మహిళలు ఇరవై మంది కూడా లేరు.

ఈ రెండు లెక్కల మధ్య ఉన్న తేడాయే అసలు సమస్య. నడిగడ్డ వాళ్లకు దీన్ని అర్థం చేసుకోవడానికి వేరే ఉదాహరణ అక్కర్లేదు, ఆర్డీఎస్ కాలువ చాలు. ఆనకట్ట కర్ణాటకలోని రాజోలిబండ దగ్గర. అలంపూర్ ప్రాంతంలో నీళ్లందాల్సిన ఆయకట్టు కాగితం మీద 87,500 ఎకరాలు. తల దగ్గర నీళ్లు వదిలారని లెక్క ఉంటుంది, చివరి భూముల్లో మాత్రం బీడు. మధ్యలో ఎక్కడెక్కడ గండ్లు పడ్డాయో చూడకుండా తల దగ్గర ఎంత వదిలినా చివరి రైతుకు ఒరిగేది లేదు. అమ్మాయిల సైన్స్ చదువుకూ అలాగే నాలుగు చోట్ల గండ్లు పడుతున్నాయి.

గండి 1: ఎనిమిది, తొమ్మిది తరగతులు

2011 జనగణన ప్రకారం ఇప్పటి జోగుళాంబ గద్వాల జిల్లా పరిధిలో అక్షరాస్యత 50 శాతానికి లోపే. మహిళల్లో అది 40 శాతానికి లోపు. అప్పటి ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా మొత్తం తీసుకున్నా మహిళల అక్షరాస్యత 45 శాతం దాటలేదు. రాష్ట్రంలో మహిళల సగటు 58 శాతం దగ్గర ఉంది.

ఇది పాత లెక్కే కదా అనుకోవచ్చు. కానీ ఆ లెక్కలో చదువు రాని తల్లుల కూతుళ్లే ఇప్పుడు హైస్కూల్లో, ఇంటర్లో, డిగ్రీలో ఉన్నారు. ఇంట్లో లెక్కలు చెప్పేవాళ్లు, ఏ గ్రూపు తీసుకుంటే ఏమవుతుందో వివరించేవాళ్లు లేని తొలితరం విద్యార్థులు వీళ్లు. బడిలో దొరకనిది వీళ్లకు ఇంకెక్కడా దొరకదు.

పత్తి క్రాసింగ్ సరిగ్గా బడి నడిచే రోజుల్లోనే వస్తుంది. జూన్‌లో బడి తెరుస్తారు. విత్తనం వేసేదీ అప్పుడే. పూత వచ్చేసరికి పాఠాలు ఊపందుకుంటాయి. ఆ రెండు నెలలు బడి మానేసిన అమ్మాయి తెలుగు, సాంఘికశాస్త్రం ఎలాగో అందుకోగలదు. గణితం, భౌతికశాస్త్రం అలా కావు, ఒక మెట్టు మీద ఇంకో మెట్టు. బీజగణితం మొదలైనప్పుడు లేని పిల్లకు ఆ తర్వాత వచ్చేదంతా అయోమయమే. పదో తరగతిలో ‘నాకు లెక్కలు రావు’ అంటుంది. ఆమెకు రాకపోవడం కాదు, చెప్పినప్పుడు ఆమె అక్కడ లేదు.

చట్టం ఏం చెబుతోంది? 2016లో సవరించిన బాలకార్మిక చట్టం ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. బడి అయ్యాక, సెలవుల్లో సొంత కుటుంబానికి సాయం చేయడానికి మినహాయింపు ఉంది. ఈ మినహాయింపు దగ్గరే చిక్కు. చిన్న రైతు తన చేలో తన కూతుర్నే పనికి దింపితే అది సాయమా, పనా? బడి వేళల్లో అయితే సందేహం లేదు, అది చట్ట ఉల్లంఘనే. 1098కు ఫోన్ చేసి చెప్పవచ్చు.

అయితే ఫోన్ కాల్‌తో తీరే సమస్య కాదిది. విత్తన కంపెనీలు, మధ్యలో ఉండే ఆర్గనైజర్లు, రైతు, కూలీ అనే గొలుసులో ధర నిర్ణయించేది పైవాళ్లు. పెద్ద మనిషికి ఇచ్చే కూలి గిట్టుబాటు కాకపోతే రైతు చూపు ఇంట్లోని పిల్ల మీద పడుతుంది. అంటే విత్తనం కొనుగోలు ధర కూడా ఆడపిల్లల సైన్స్ చదువులో భాగమే. దీన్ని విద్యాశాఖ సమస్యగానో, కార్మిక శాఖ సమస్యగానో విడివిడిగా చూస్తే ఈ గండి పూడదు.

గండి 2: ఇంటర్ గ్రూపు

పదో తరగతి ఫలితాల్లోనూ, ఇంటర్ ఫలితాల్లోనూ రాష్ట్రంలో ఏటా అమ్మాయిల ఉత్తీర్ణత శాతమే ఎక్కువ. కాబట్టి ఇక్కడిదాకా వచ్చినవాళ్ల ప్రతిభ మీద అనుమానం అక్కర్లేదు. ఇక్కడ అడ్డం వచ్చేది గ్రూపు.

మన వ్యవస్థలో పదహారేళ్ల వయసులో తీసుకునే ఈ ఒక్క నిర్ణయాన్ని మళ్లీ మార్చుకోవడం చాలా కష్టం. ఎంపీసీ, బైపీసీ కాకుండా ఇంకేది తీసుకున్నా బీఎస్సీ, ఇంజినీరింగ్, వ్యవసాయ డిగ్రీ, ఫార్మసీ తలుపులు దాదాపు మూసుకుపోయినట్టే. ఈ నిర్ణయం చాలా ఊళ్లలో అమ్మాయి ఇష్టాన్ని బట్టి జరగదు. దగ్గర్లో ఉన్న కస్తూర్బా విద్యాలయంలోనో, గురుకులంలోనో, ప్రభుత్వ జూనియర్ కాలేజీలోనో ఏ గ్రూపు ఉందో దాన్ని బట్టి జరుగుతుంది. కొన్ని కస్తూర్బా విద్యాలయాలను ఇంటర్ దాకా పెంచారు, మంచిదే. కానీ ఒక్కోచోట ఒక్కో గ్రూపు. హాస్టల్ ఉన్నచోట ఆమెకు కావాల్సిన గ్రూపు లేకపోతే, తల్లిదండ్రులు హాస్టల్‌నే ఎంచుకుంటారు. కూతురి భద్రత చూసుకుని చేసిన ఆ ఎంపికతోనే ఆమె సైన్స్ దారి మూసుకుపోతుంది.

ఇక ప్రయాణం. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. దీన్ని చాలామంది షాపింగ్ జోకులకు వాడుకున్నారు. కానీ ఊరి నుంచి రోజూ గద్వాలకో, వనపర్తికో, కొల్లాపూర్‌కో కాలేజీకి వెళ్లే అమ్మాయికి ఇది స్కాలర్‌షిప్‌తో సమానం. చార్జీ భారం పోయింది, ఇక టైం సమస్య మిగిలింది. సైన్స్ విద్యార్థికి ప్రాక్టికల్స్ ఉంటాయి, అవి సాయంత్రం దాకా సాగుతాయి. ఆ వేళకు ఊరికి బస్సు లేకపోతే టికెట్ ఫ్రీ అయినా లాభం లేదు. ఆర్ట్స్ గ్రూపు అమ్మాయి మధ్యాహ్నం ఇంటికి చేరిపోతుంది, సైన్స్ అమ్మాయి చేరలేదు. ‘చీకటి పడ్డాక ఇంటికొచ్చే చదువు మనకెందుకు’ అనే మాట అక్కడే మొదలవుతుంది.

గండి 3: డిగ్రీ అయ్యాక

ఈ మూడు జిల్లాల్లో పదేళ్ల కిందటితో పోలిస్తే ఇప్పుడు చదువుకునే చోట్లు బాగా పెరిగాయి. ఇది ఒప్పుకోవాలి. 2016 అక్టోబర్‌లో కొత్త జిల్లాలయ్యాక వచ్చినవి, అంతకుముందే ఉన్నవి కలిపి చూడండి.

నాగర్‌కర్నూల్ జిల్లా బిజినేపల్లి మండలం పాలెంలో జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ప్రాంతీయ పరిశోధన కేంద్రం, వ్యవసాయ కళాశాల ఉన్నాయి. ఆముదం పరిశోధనకు పాలెం పేరున్న చోటు. అదే మండలంలోని వట్టెంలో జవహర్ నవోదయ విద్యాలయం ఉంది. వనపర్తిలో సంస్థానాధీశుల ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ నడుస్తోంది. జేఎన్టీయూ ఇంజినీరింగ్ కళాశాల వచ్చింది. వనపర్తిలోనే మహాత్మా జ్యోతిబా ఫులే బీసీ సంక్షేమ గురుకుల సంస్థ అమ్మాయిల కోసమే వ్యవసాయ కళాశాల నడుపుతోంది. పాలమూరు విశ్వవిద్యాలయానికి గద్వాల, వనపర్తి, కొల్లాపూర్‌లలో పీజీ కేంద్రాలు ఉన్నాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022 నవంబర్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి, 2024లో గద్వాలకూ ఒకటి వచ్చింది.

మరి సమస్య తీరినట్టేనా? ఇక్కడ రెండు విషయాలు చూడాలి.

ఒకటి, మన ఇళ్లలో ‘సైన్స్’ అంటే ‘డాక్టర్’ అని అర్థం. బైపీసీ తీసుకున్న అమ్మాయి నీట్ రాస్తుంది. ఒకసారి, మహా అయితే రెండుసార్లు. సీటు రాకపోతే నర్సింగ్, అదీ కాకపోతే ‘ఏదో ఒక డిగ్రీ’. జీవశాస్త్రం అంటే ఇష్టం ఉన్న అమ్మాయికి మైక్రోబయాలజీ, జన్యుశాస్త్రం, మొక్కల ప్రజననం, పోషకాహార శాస్త్రం అనే దారులున్నాయని చెప్పేవాళ్లు ఉండరు. అందుకే బీఎస్సీ ఆమెకు ఇష్టపడి ఎంచుకున్న కోర్సులా అనిపించదు, ఓడిపోయాక మిగిలినట్టు అనిపిస్తుంది.

రెండు, పరిశోధన అంతా హైదరాబాద్‌లో ఉంది. సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, జాతీయ పోషకాహార సంస్థ, సెంట్రల్ యూనివర్సిటీ, అన్నీ అక్కడే. గద్వాలకు రైలుంది. వనపర్తికి స్టేషన్ ఊరికి దూరంగా ఉంది. నాగర్‌కర్నూల్‌కు రైలే లేదు. అయినా దూరం కిలోమీటర్లలో లేదు, హాస్టల్‌లో ఉంది. పీజీ సీటు వచ్చిన అబ్బాయి నలుగురితో కలిసి గది తీసుకుంటాడు. అమ్మాయికి హాస్టల్ ఖాయమైతేనే ఇంట్లో మాట ముందుకు సాగుతుంది. హాస్టల్ సీటు ఖరారయ్యేలోపు సంబంధం ఖరారైపోతుంది.

పెళ్లి వయసు లెక్క కూడా ఇక్కడే చూడాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం తెలంగాణలో 20-24 ఏళ్ల మహిళల్లో 23.5 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. 18 నిండాక కూడా ఇరవై ఒకటి, ఇరవై రెండు అంటే డిగ్రీ చివరి ఏడాది. పరిశోధన దారిలో అడుగుపెట్టే వయసు, ఇంట్లో సంబంధాలు చూసే వయసు ఒకటే. ఎంఎస్సీ రెండేళ్లు, పీహెచ్‌డీ అయిదేళ్లు అని చెబితే అది ఇంట్లోవాళ్లకు కొలువుకు వేసే లెక్కలా వినపడదు, పెళ్లికి ఆలస్యంలా వినపడుతుంది. అందుకే బీఎస్సీ, బీఈడీ, టీచర్ పోస్టు దగ్గర చాలా కుటుంబాలు ఆగుతాయి. టీచర్ కావడం తక్కువేమీ కాదు. ఊళ్లో సైన్స్ చెప్పే మేడం ఉండటం ఎంతో మంది అమ్మాయిలకు దారి చూపిస్తుంది. కానీ ఆమెకు ఇంకో దారి కూడా తెలిసి ఉండి ఇది ఎంచుకుందా, ఇంకో దారే చూపించలేదా అన్నదే ప్రశ్న.

గండి 4: లోపలికి వెళ్లాక

ఇన్ని దాటి పరిశోధనలోకి వెళ్లిన అమ్మాయికి అక్కడ కూడా అడ్డాలుంటాయి. చరిత్రలో బాగా తెలిసిన కథ కమలా సోహోనీది. 1933లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో చేరడానికి వస్తే, ఆడపిల్ల అని సి.వి. రామన్ మొదట కాదన్నారు. ఆమె పట్టుబట్టాక షరతులతో చేర్చుకున్నారు. తర్వాత ఆమె కేంబ్రిడ్జ్‌లో డాక్టరేట్ తీసుకున్నారు.

ఇప్పుడు ఎవరూ అలా మొహం మీద కాదనరు. అడ్డం నియమాల్లో ఉంటుంది. పరిశోధన ఫెలోషిప్‌లకు వయోపరిమితి, తాత్కాలిక ప్రాజెక్టు కొలువులు, ఒక చోట నుంచి ఇంకో చోటికి మారాల్సిన అవసరం, ఇవన్నీ 25 నుంచి 35 ఏళ్ల మధ్యే వస్తాయి. కాన్పు, పిల్లల పెంపకం కూడా అప్పుడే. మగవాడికి ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం రావు.

ఇంకో తేడా గమనించండి. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల్లో మహిళలకు మూడో వంతు రిజర్వేషన్ ఉంది. వ్యవసాయ విస్తరణాధికారుల్లో, లెక్చరర్లలో మహిళలు కనిపించడానికి అదొక కారణం. కేంద్ర పరిశోధన సంస్థల శాస్త్రవేత్తల పోస్టుల్లో మహిళలకు అలాంటి కోటా లేదు. సీట్లు పెంచితే ఏమవుతుందో ఐఐటీలు చూపించాయి. 2018 నుంచి అమ్మాయిల కోసం అదనపు సీట్లు పెట్టి, వాళ్ల వాటాను 20 శాతానికి తీసుకొచ్చాయి. అంతకుముందు అది పది శాతం లోపే ఉండేది. అమ్మాయిలు ఎక్కడి నుంచో కొత్తగా పుట్టుకురాలేదు. అంతకుముందు కూడా ఉన్నారు, తలుపు ఇరుకుగా ఉంది.

దాటినవాళ్లు లేరా అంటే ఉన్నారు. బ్యాక్టీరియా కణకవచం ఎలా పెరుగుతుందో తేల్చిన పరిశోధనకు హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త మంజులా రెడ్డి 2019లో ఇన్ఫోసిస్ బహుమతి అందుకున్నారు. సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఎస్సీ, సీసీఎంబీలోనే పీహెచ్‌డీ. అంటే ఈ చదువుకు విదేశాలే దిక్కు కాదు, గద్వాల నుంచి రైలెక్కితే చేరే ఊళ్లోనే ఉంది.

మీకు తెలిసిన అమ్మాయికి ఇప్పుడు ఏమేం ఉన్నాయి?

మీరు హైదరాబాద్‌లో ఉంటూ ఇది చదువుతున్నా, ఊళ్లో మేనకోడలో, తమ్ముడి కూతురో, ఇంట్లో పనిచేసే అమ్మ బిడ్డో ఉండే ఉంటుంది. ఏ తరగతిలో ఏది అడగాలో తెలిస్తే ఫోన్‌లోనే సగం పని అవుతుంది.

ఎనిమిదో తరగతిలో ఉంటే: నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ పరీక్ష రాయించండి. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకు, కుటుంబ ఆదాయం ఏడాదికి 3.5 లక్షల లోపు ఉంటే వర్తిస్తుంది. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా రూ. 12,000. మొదటి గండి దగ్గర పిల్లను బడిలో నిలబెట్టే డబ్బు ఇది. దరఖాస్తు బడి ద్వారా వెళ్లాలి, అందుకే హెడ్‌మాస్టర్‌ను ముందే అడగాలి.

హైస్కూల్లో ఉంటే: ఇన్‌స్పైర్ మానక్‌కు ఆమె ఆలోచనను పంపమని సైన్స్ టీచర్‌ను అడగండి. ఎంపికైన ఆలోచనకు నమూనా తయారుచేయడానికి రూ. 10,000 ఇస్తారు. గొప్ప ఆవిష్కరణ అక్కర్లేదు. పత్తి మొగ్గ ఒలిచేటప్పుడు గోళ్లు దెబ్బతినకుండా ఒక చిన్న పనిముట్టు ఆలోచించినా అది సైన్సే.

తొమ్మిది నుంచి ఇంటర్ లోపు: శాస్త్ర, సాంకేతిక శాఖ నడిపే విజ్ఞాన్ జ్యోతి కార్యక్రమం అమ్మాయిల కోసమే. నవోదయ విద్యాలయాలు కేంద్రాలుగా జిల్లాలవారీగా నడుస్తుంది. ల్యాబ్‌లు చూపించడం, మహిళా శాస్త్రవేత్తలతో మాట్లాడించడం, అదనపు పాఠాలు ఇందులో ఉంటాయి. నవోదయలో చదవకపోయినా చుట్టుపక్కల బడుల అమ్మాయిలను తీసుకుంటారు. మీ జిల్లా పరిస్థితి ఏమిటో నవోదయలోనే కనుక్కోండి.

ఇంటర్ తర్వాత బీఎస్సీలో చేరితే: ఇంటర్ బోర్డులో పైనున్న ఒక శాతం మందిలో మార్కులుంటే ఇన్‌స్పైర్ షీ స్కాలర్‌షిప్ కింద ఏడాదికి రూ. 80,000 వరకు వస్తుంది. బీఎస్సీ, ఇంటిగ్రేటెడ్ ఎంఎస్సీ లాంటి మూల శాస్త్రాలకే వర్తిస్తుంది. ఇంజినీరింగ్, మెడిసిన్, వ్యవసాయ డిగ్రీలకు రాదు. ఈ స్కాలర్‌షిప్ ఉందని తెలిస్తే ‘బీఎస్సీనా?’ అని పెదవి విరిచే ఇంట్లో మాట తీరు మారుతుంది.

పాలిటెక్నిక్ లేదా ఇంజినీరింగ్‌లో చేరితే: ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండాలి, ఒక ఇంట్లో ఇద్దరు అమ్మాయిల వరకు ఇస్తారు. ఏడాదికి రూ. 50,000. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి.

వ్యవసాయ డిగ్రీ కావాలంటే: ఎప్‌సెట్ అగ్రికల్చర్ ర్యాంకు కావాలి. వ్యవసాయ విశ్వవిద్యాలయం సీట్లలో రైతు కుటుంబాల పిల్లలకు ప్రత్యేక కోటా ఉంది. దానికి భూమి పత్రాలు, పల్లెలో చదివినట్టు సర్టిఫికెట్లు అడుగుతారు. కౌన్సెలింగ్ తేదీ వచ్చాక పాస్‌బుక్ వెతుక్కుంటే ఆలస్యమవుతుంది. ఆ ఏడాది నోటిఫికేషన్ చదివి పత్రాలు ముందే సిద్ధం చేయించండి.

పీహెచ్‌డీలో ఉంటే: యూజీసీ 2022 నిబంధనల ప్రకారం మహిళలకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల వరకు ఉంది. గడువులో రెండేళ్ల అదనపు సడలింపు కూడా ఉంది. జేఆర్‌ఎఫ్ వయోపరిమితిలో అయిదేళ్ల సడలింపు ఉంది. ఇవి అడిగి తీసుకోవాల్సిన దయ కాదు, రాసి ఉన్న హక్కు.

మధ్యలో ఆపేసినవారికి: శాస్త్ర, సాంకేతిక శాఖ ‘వైజ్-కిరణ్’ కింద మహిళలకు పీహెచ్‌డీ, పోస్ట్ డాక్టరల్ ఫెలోషిప్‌లు, మేధో సంపత్తి హక్కుల్లో శిక్షణ ఉన్నాయి. పెళ్లి, పిల్లల వల్ల విరామం వచ్చినవాళ్లను దృష్టిలో పెట్టుకునే ఈ పథకం మొదలైంది. ఎంఎస్సీ చేసి ఏడెనిమిదేళ్లుగా ఇంట్లో ఉన్న అక్కో, వదినో మీ ఇంట్లో ఉంటే ఈ పేరా ఆమెకు పంపండి.

ప్రభుత్వాన్ని ఏమడగాలి?

పథకాల జాబితా చదివితే అన్నీ ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ ఇవన్నీ మెరిట్ ఉన్న ఒక్కో అమ్మాయిని పైకి లాగే తాళ్లు. కాలువ గండ్లు పూడ్చడం వేరే పని, అది వ్యవస్థ చేయాలి. ఈ మూడు జిల్లాల వరకు నాలుగు ప్రశ్నలు సూటిగా అడగవచ్చు.

జిల్లాలో ఏయే కస్తూర్బా విద్యాలయాల్లో, గురుకులాల్లో, జూనియర్ కాలేజీల్లో అమ్మాయిలకు ఎంపీసీ, బైపీసీ ఉన్నాయి? ఏ మండలంలో రెండూ లేవు?

సైన్స్ గ్రూపులున్న చోట భౌతిక, రసాయన, జీవశాస్త్ర ల్యాబ్‌లు పనిచేస్తున్నాయా? ఎన్ని లెక్చరర్ పోస్టులు ఖాళీ?

ప్రాక్టికల్స్ ముగిసే వేళకు కాలేజీ నుంచి మండలాలకు బస్సు ఉందా?

పత్తి పూత నెలల్లో ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల అమ్మాయిల హాజరు ఎంత?

వీటికి జవాబులు ఆఫీసుల్లోనే ఉంటాయి. హాజరు రిజిస్టర్లు ఉన్నాయి, బస్సు షెడ్యూళ్లు ఉన్నాయి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు ఇస్తే 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. నాలుగో ప్రశ్నకు నెలవారీ లెక్క బయటికొస్తే, మొదటి గండి ఎంత లోతుగా ఉందో ఎవరూ వాదించాల్సిన పని ఉండదు.

మీకెందుకు ఇదంతా?

న్యాయం సంగతి అటుంచండి, అవసరం కోణంలోనే చూడండి. విత్తన పత్తిలో తెగులు ఎప్పుడు మొదలవుతుందో, ఏ మొగ్గ నిలబడుతుందో, ఏది రాలిపోతుందో రోజూ దగ్గరగా చూసేది ఆ చేలో పనిచేసే ఆడవాళ్లు. ఆ చూపు ఉన్న మనిషి పాలెం పరిశోధన కేంద్రంలో కూర్చుంటే అడిగే ప్రశ్నలే వేరుగా ఉంటాయి. క్రాసింగ్‌కు ఇంత చేతిపని అక్కర్లేని విత్తనం ఎలా చేయాలి? ఒలిచే చేతికి పురుగుమందు అంటకుండా ఏం చేయాలి? ఆముదం కోసే పనిముట్టు ఆడవాళ్ల చేతికి సరిపోయేలా ఎందుకు లేదు? సమస్యతో బతికినవాళ్లు ల్యాబ్‌లో లేకపోతే ఈ ప్రశ్నలు పరిశోధన అంశాల్లోకే రావు.

మహిళల వ్యవసాయ కళాశాల ఉన్న వనపర్తి, విత్తన పత్తి చేలున్న గద్వాల పక్కపక్క జిల్లాలే. ఒక తరం కిందట చేనుకు, కళాశాలకు మధ్య దారే లేదు. ఇప్పుడు దారి పడింది, కానీ దాని మీద గండ్లున్నాయి. ఈ ఏడాది పూత మొదలయ్యేలోపు మీకు తెలిసిన ఎనిమిదో తరగతి అమ్మాయి బడికి వెళ్తోందో లేదో ఒక్కసారి ఫోన్ చేసి కనుక్కోండి. వెళ్తుంటే మీన్స్ కమ్ మెరిట్ దరఖాస్తు గురించి అడగండి. వెళ్లకపోతే ఎందుకని అడగండి.